ఊఁ అనబోయి

ఏప్రిల్ 9

వదినగారికి నమస్కారాలు.

ముందుగా నా రాతని క్షమించాలి. నేను చదివింది ఐదో తరగతి. అందులోనూ చివరి ఏడాది సగం జ్వరంతో పోయింది. దీర్ఘాలు ఎక్కడ పెట్టాలో నాకు ఇప్పటికీ అనుమానమే. ఒకచోట మర్చిపోతే ఇంకోచోట ఒకటి ఎక్కువ పెడతాను, సరిపోతుందిలే అని. అక్షరాలు గీత మీద నిలబడవు, కొండెక్కుతున్నట్టు పైకి పోతాయి. ఈ ఊళ్ళో మెట్లూ దారులూ మనుషులూ అన్నీ పైకే పోతాయి కాబట్టి వాటిని మాత్రం ఏమనను?

ఇన్నాళ్ళూ ఆయన మీకు రాసే ఉత్తరం చివర "ఆమె కూడా అడిగినట్టు చెప్పమంది" అని ఒక్క ముక్క రాసేవారు. ఆ 'ఆమె' నేనే. ఈసారి ఆయనకు తెలియకుండా రాస్తున్నాను. తప్పయితే తిట్టండి.

మీ తమ్ముడు కులాసాగా ఉన్నారు. పొద్దున్నే నన్ను కొట్లో పెట్టి కొండ మీదికి వెళ్ళిపోతారు. మళ్ళీ ఎండ వాలాకే రావడం. అప్పటిదాకా నేనూ, కర్రలూ. కొట్టు సంగతి ఆయన మీకు రాసే ఉంటారు కాబట్టి మళ్ళీ రాయను. కర్రకి పని లేని రోజంటూ లేదు, ఆదివారాలైతే మరీను. మొదట్లో చేతులు బొబ్బలెక్కాయి. ఇప్పుడు కాయలు కాచి ఏమీ తెలియడం లేదు.

మధ్యాహ్నం మబ్బు కిందికి దిగి తలుపు సందులోంచి లోపలికి వస్తుంది. చెప్పకుండా వచ్చి, కాసేపు కూర్చుని, ఏమీ తీసుకోకుండా వెళ్ళిపోతుంది. అది ఉన్నంతసేపూ నాకు కళ్ళు తెరిచే నిద్ర పట్టినట్టుంటుంది. వెళ్ళాక బల్ల మీద తడి మిగులుతుంది. తుడుస్తాను.

ఒక్క మాట అడగాలని ఈ ఉత్తరం. ఆయన చిన్నప్పటినుంచీ ఇంతేనా? ఇంత తక్కువ మాట్లాడతారా? కోపం వస్తే అది కోపమని ఎలా తెలుస్తుంది?

ఇలా అడిగానని తెలిస్తే ఆయన ముందు తలెత్తుకోలేను. చదివాక కాల్చెయ్యండి.

మీ మరదలు

*

ఏప్రిల్ 17

ఏమే పిల్లా,

నీ ఉత్తరం కాల్చలేదు. కాల్చను కూడా. మిషను సొరుగులో దారం ఉండల కింద దాచాను, వాడి ఎదట నిలబడి పైకి చదివించడానికి.

పాంటు అంచు మడుస్తూ చదివానా, సూది వేల్లోకి దిగింది. మావాడు నిన్ను కొట్లో పెట్టి పోతున్నాడా? కర్రతోనా? ఆదివారాలైతే మరీనా? కాయలు కాచి ఏమీ తెలియడం లేదా? ఇంత రాసి, కింద మబ్బు గురించి రాస్తావేమే! కోపమని ఎలా తెలుస్తుందని నన్నడుగుతున్నావు. ఇంకెలా తెలియాలే నీకు?

కొట్టు సంగతి వాడు నాకు రాయడమేమిటి? వాడి ఉత్తరంలో ఎప్పుడూ రెండే ముక్కలు. బాగున్నాం, వాన పడుతోంది. అమ్మ పోయేనాటికి వాడికి ఆరేళ్ళు. ఈ మిషను తొక్కే వాణ్ణి పెంచాను. చీమ కనిపిస్తే పక్కకి తప్పుకునేవాడు. అలాంటివాడికి ఈ బుద్ధి ఎక్కడిదో, ఏ కొండగాలి సోకిందో!

వాడికి వేరే రాశాను. నాలుగే వాక్యాలు, నాలుగూ నువ్వు చదవదగ్గవి కావు. నేనే ఇవాళే బస్సెక్కుదును గానీ బడిపిల్లల బట్టలు నూట ఎనభై జతలు నెత్తిమీదున్నాయి. అవి తెమలగానే వస్తాను. అంతవరకూ ఉండలేకపోతే నువ్వే వచ్చెయ్. ఇక్కడ బొత్తాలు కుట్టుకుంటూ మహారాణిలా ఉండు. అడిగేవాడెవడు?

నీ దీర్ఘాల సంగతి తర్వాత చూద్దాం. ముందు వాడి సంగతి చూస్తాను.

మీ వదిన

*

ఏప్రిల్ 24

వదినగారికి నమస్కారాలు.

కంగారుగా రాస్తున్నాను. కాబట్టి ఈసారి అక్షరాలు పోయినసారి కంటే ఘోరంగా ఉంటాయి.

కొట్టంటే తాళం పెట్టి పడేసే కొట్టు కాదు వదినా. సరుకులుండే కొట్టు. దుకాణం. ఆ మాటే రాద్దామనుకున్నాను గానీ 'ణ' దగ్గర నాకు చెయ్యి తిరగదు. ఇప్పుడు కూడా మూడుసార్లు కొట్టేసి రాశాను. దానికి భయపడి కొట్టు అన్నందుకు ఇంత పని జరిగింది.

పెళ్ళయిన నెలకి ఆయన దీన్ని తెరిచారు. బస్సు ఆగే చోట, మెట్లకి ఎడమపక్క. పొద్దున బస్సులో వచ్చి, కొండంతా తిరిగి, సాయంత్రం బస్సుకి వెళ్ళిపోయేవాళ్ళకి చేతికర్రలు, వానకోట్లు, టోపీలు అద్దెకిస్తాం. వాళ్ళని వెంటబెట్టుకుని ఆయన పైకి వెళ్తారు. నేను కొట్టు చూస్తాను. మొత్తం నలభై రెండు కర్రలు. ఒక్కోదాని మీద అంకె నేనే చెక్కాను. సాయంత్రం తిరిగొచ్చాక మట్టి తుడిచి, గరుకు కాగితంతో రుద్ది, నూనె పట్టిస్తాను. బొబ్బలూ కాయలూ అందుకే. నా మీద దెబ్బ కాదు కదా, ఈగ కూడా వాలలేదు.

ఏడాది కావస్తోంది, నేను కొండెక్కలేదు. అయినా కొండంతా నాకు తెలుసు. కర్రలు చెబుతాయి. గుహ వైపు వెళ్ళినవాటికి ఎర్రమట్టి, పొడిగా రాలిపోతుంది. కొలను ఒడ్డుకి వెళ్ళినవాటికి నల్లటి జిగట, పుల్లతో గీకాలి. జలపాతం దాకా వెళ్ళినవి తడిసి బరువుగా వస్తాయి, వాటి చివర తెల్లటి ఇసక మెరుస్తుంది. పూల మిట్టకి వెళ్ళినవాటికి పసుపు పొడి అంటుకుంటుంది, తుడిస్తే గుడ్డకి వాసన. వారం నుంచి ఆ పసుపు వస్తోంది. అంటే పైన పూశాయన్నమాట. మబ్బు వచ్చి కూర్చున్నప్పుడు కళ్ళు మూసుకుని కర్రల వెంట నేనూ వెళ్తాను. ఎర్రమట్టి దాటి, నల్లమట్టి దాటి, పసుపు దాకా. అక్కడికి వెళ్ళేసరికి ఎవరో ఒకరు టోపీ కావాలంటారు.

ఇక అసలు సంగతి. మీరు ఆయనకి రాసిన ఉత్తరం మెట్లకి ఆవలి పక్క టీ అమ్మే అవ్వ తెచ్చిచ్చింది. "మీ అక్క రాసినట్టుందయ్యా, కవరు మీద అక్షరాలే కేకలేస్తున్నాయి" అంది. ఆయన గుమ్మంలో నిలబడి రెండుసార్లు చదివి, మడిచి జేబులో పెట్టుకుని, పన్నెండుమందిని తీసుకుని జలపాతానికి వెళ్ళిపోయారు. సాయంత్రం వచ్చి, స్క్రూడ్రైవరు తీసుకుని, కొట్టు తలుపుకి బయటి గడియ ఊడదీశారు. "దీంతో పని లేదులే" అన్నారు. మర్నాడు బస్సుల టైముల కాగితం తెచ్చి నా ముక్కాలిపీట పక్కన, సరిగ్గా నా కళ్ళెత్తున అంటించారు. "ఎప్పుడైనా కావాలంటే" అన్నారు. అంతే. అప్పటినుంచీ భోజనం చేస్తూ కంచంతోనే మాట్లాడతారు.

నేను మీకు ఫిర్యాదు చేశానని ఆయన అనుకుంటున్నారు. వెళ్ళిపోవాలనుకుంటున్నానని అనుకుంటున్నారు. కాదని చెప్పాలని నోరు తెరుస్తాను. "ఏంటి?" అంటారు. "ఉప్పు సరిపోయిందా?" అంటాను.

మీతో దాచను. తప్పు మొదట నాదే. పెళ్ళయిన వారంలో ఆయన బూట్ల తాళ్ళు కట్టుకుంటూ, నా వైపు చూడకుండా, "పూల మిట్టకి వస్తావా?" అని అడిగారు. ఊఁ అనబోయాను. సిగ్గుతో ఊపిరి మధ్యలో తెగి ఊహూఁ అని వచ్చింది. ఊఁకి, ఊహూఁకి మధ్య ఎంత దూరం వదినా? ఒక్క ఊపిరి. ఆయన "సరే" అని రెండో బూటు కట్టుకున్నారు. మళ్ళీ అడుగుతారని అప్పటినుంచీ రోజూ పొద్దున్నే తల దువ్వుకుని సిద్ధంగా ఉంటున్నాను. అడగలేదు.

ఇంకొకటి. తలుపు వెనక మేకుకి ఒక పొట్టి కర్ర ఉంది. దానికి అంకె వెయ్యద్దన్నారు. పిల్లలకి పెద్దది, పెద్దవాళ్ళకి చిన్నది. పోయిన శీతాకాలం పొట్టిగా ఉన్న ఒక టీచరమ్మ అడిగితే ఇచ్చాను. సాయంత్రం దాన్ని ఆవిడ చేతిలో చూసి ఆయన మొహం అదోలా అయింది. ఆ కర్రని నన్ను తుడవనివ్వలేదు. తనే కడిగి మేకుకి తగిలించారు. నేనేం తప్పు చేశానో ఇప్పటికీ తెలియదు.

నాకు ఇక్కణ్ణించి రావాలని లేదు. ఆయనకి ఇంకేమీ రాయకండి. దీన్ని సొరుగులో పెట్టద్దు, కాల్చెయ్యండి.

మీ మరదలు

*

మే 2

పిచ్చిపిల్లా,

నేను నవ్విన నవ్వుకి పక్కింటివాళ్ళు ఎవరికేమైందో అని పరిగెత్తుకొచ్చారు. నవ్వాక సిగ్గేసింది. సగం మనసు పాంటు మీద, సగం నా కోపం మీద పెట్టి చదివితే ఇంతే. వాడికి రాసిన నాలుగు వాక్యాలకీ లెంపలేసుకుంటూ ఇంకో నాలుగు రాద్దామనుకున్నాను. నువ్వు వద్దన్నావు కాబట్టి ఊరుకున్నాను. నీ మాట వినడం ఇదే మొదలు, సంతోషించు.

ఇప్పుడు విను. వాడు ఏదీ రెండోసారి అడగడు. ఏడేళ్ళప్పుడు ఓసారి "అక్కా, మిషను నేను తొక్కనా?" అన్నాడు. నేను పనిలో ఉండి "ఊహూఁ" అన్నాను. అంతే, మళ్ళీ అడగలేదు. కానీ నేను తొక్కుతుంటే వచ్చి మిషను కింద కూర్చుని, పెడలు మీద చెయ్యేసి ఉండేవాడు. అది కదులుతుంటే చాలన్నట్టు. రెండేళ్ళు అలా కూర్చున్నాడు. వాడికి ఆశ లేక కాదు, రెండోసారి మాట రాదు. నువ్వేమో మొదటిసారే రానిదానివి. బాగుంది మీ జంట! మీ ఇంట్లో మాట్లాడేది మబ్బొక్కటే అయ్యుంటుంది.

ఇక ఆ పొట్టి కర్ర. అది చదివి మిషను ఆపేశాను. మీ పెళ్ళికి నీ బట్టలు కుట్టింది నేనే కదా, నీ కొలతల కాగితం నా దగ్గరే ఉంది. అప్పుడు వాడొచ్చి, గోడ వైపు చూస్తూ, "నేల నుంచి మోచేతి దాకా ఎంతుంటుందక్కా?" అన్నాడు. "ఎవరికిరా?" అంటే చెవులు ఎర్రబడ్డాయి. నేను ముప్పై ఏళ్ళుగా కుడుతున్నాను, నేల నుంచి మోచేతి దాకా కుట్టే బట్ట ఏదీ లేదు. ఇదేం వెర్రి కొలత అనుకుంటూనే లెక్కగట్టి చెప్పాను. ముప్పై ఎనిమిది అంగుళాలు.

వెళ్ళి దాని పక్కన నిలబడు. నీ మోచేతికి సరిపోయిందా, అది ఎవరిదో నేను చెప్పక్కర్లేదు. పెళ్ళికి ముందే చెక్కి పెట్టుకున్నాడు, మూగవాడు. దాన్ని తీసుకెళ్ళి టీచరమ్మకి అద్దెకిచ్చావు!

వాడు అడగడు. నువ్వే అడగాలి. నోట రాకపోతే రాసివ్వు. నాకు ఇంత పొడుగు ఉత్తరాలు రాస్తున్నదానివి, వాడికి ఒక్క ముక్క రాయలేవా? ఈ ఉత్తరం నువ్వూ కాల్చకు. అవసరం పడుతుంది.

మీ వదిన

*

మే 10

వదినగారికి నమస్కారాలు.

సరిపోయింది. ఆయన పైకి వెళ్ళాక తలుపు దగ్గరికేసి దాని పక్కన నిలబడ్డాను. మోచెయ్యి వంచితే పిడి వచ్చి అరచేతిలో కూర్చుంది. ఎంతసేపు అలా నిలబడ్డానో తెలియదు. టోపీ కోసం వచ్చినాయన "అమ్మా, అమ్మా" అని మూడుసార్లు పిలిచాడట.

ఏడాదిగా మిగతా నలభై రెండింటికీ నూనె రాశాను. దానికి రాయలేదు. నిన్న రాశాను.

ఉత్తరం రాసివ్వడం నావల్ల కాదు. ఇంకొకటి ఆలోచించాను. కొట్టు బయట పెద్ద పలక ఉంది. ఆ రోజు ఎక్కడికి వెళ్తారో ఆయన పైన రాస్తారు. వచ్చేవాళ్ళు కింద సుద్దముక్కతో వాళ్ళ పేర్లు రాసుకుంటారు. మెట్టు మీద నిలబడి ఆయన పేర్లు పిలుస్తారు, నేను కర్రలు అందిస్తాను. నిన్న పైన 'పూల మిట్ట' అని రాసి ఆయన బూట్లు తెచ్చుకోవడానికి లోపలికి వెళ్ళారు. అన్ని పేర్ల కిందా నా పేరు రాశాను. అవ్వ టీ గిన్నె పట్టుకుని ఇటే వచ్చింది. చేతి అంచుతో చెరిపేశాను. రోజంతా చేతి అంచుకి సుద్ద అంటుకునే ఉంది. ఆయన చూశారు.

పూలు ఇంకో పది రోజులు ఉంటాయని నిన్న కిందికి దిగినవాళ్ళు అనుకుంటున్నారు. పసుపు అప్పుడే తగ్గుతోంది.

ఇది కాల్చెయ్యండి. ముఖ్యంగా చెరిపేసిన సంగతి.

మీ మరదలు

*

మే 15

అమ్మాయ్,

కావాలనే కార్డు మీద రాస్తున్నాను. దారిలో ఎవరు చదువుతారో చదవనీ. పేరు రాయి. చెరపకు. రాసి ఆ చెయ్యి వెనక్కి కట్టుకో. పది రోజుల్లో ఐదు అయిపోయాయి. నూట ఎనభైలో ఇంకా అరవై జతలున్నాయి, లేకపోతే నేనే వచ్చి రాసి పోదును.

మీ వదిన

*

మే 23

వదినా,

'గారు' మర్చిపోలేదు. ఇవాళ రాయాలనిపించలేదు.

మీ కార్డు తెచ్చిన పోస్టాయన "రాయమ్మా, చెరపకు" అని చెప్పి మరీ ఇచ్చాడు. అవ్వకి కూడా తెలిసిపోయింది. ఇక దాచడానికి ఏం మిగిలింది? నిన్న ఆదివారం, పలక మీద పదకొండు పేర్లు. పన్నెండోది నేను రాసి, మీరు చెప్పినట్టే చెయ్యి వెనక్కి పెట్టుకుని లోపలికి వెళ్ళి కర్రల మధ్య నిలబడ్డాను.

ఆయన పిలవడం మొదలుపెట్టారు. ఒక్కొక్కరూ "ఉన్నాం" అనడం, నేను కర్ర అందించడం. పన్నెండో పేరు పిలిచారు. ఎవరూ పలకలేదు. నేనూ పలకలేదు. ఎందుకంటే అది నా పేరు కాదు. మొదటి అక్షరానికి దీర్ఘం మర్చిపోయాను వదినా! దీర్ఘం పోతే అది ఇంకెవరో ఆవిడ పేరవుతుంది.

"ఒకరు తక్కువున్నారు. ఆగుదాం" అన్నారు ఆయన.

ఏటా వచ్చే రైలు గార్డు ఒకాయన ఉన్నాడు, రిటైరయినా మెళ్ళోంచి ఈల తియ్యడు. "ఆవిడ బస్సులో నిద్రపోతోందేమోనయ్యా, ఈల వెయ్యమంటావా?" అన్నాడు.

"వద్దండీ. ఇంకోసారి పిలిచి చూస్తాను."

ఇంకోసారి! ఆ మాట ఆయన నోట వినగానే నా చేతిలో పందొమ్మిదో నంబరు కర్ర జారి కాలి మీద పడింది. ఆయన మబ్బు వైపు తిరిగి రెండోసారి పిలిచారు. మబ్బులోంచి ఎవరూ రాలేదు.

"ఆ పేరు గలావిడ ఇక్కడెవరూ లేరు నాయనా" అంది అవ్వ, పొయ్యి దగ్గర్నించే. "పలక సరిగ్గా చూడు. ఆ అక్షరాలు ఎటు పోతున్నాయో చూడు."

ఆయన వంగి చూశారు. గీత వదిలి పైకి పోతున్న అక్షరాలు. నలభై రెండు అంకెలు చెక్కిన చెయ్యి అది, ఆయనకి తెలియకుండా ఎలా ఉంటుంది? జేబులోంచి సుద్దముక్క తీసి, దీర్ఘం పెట్టారు. మెల్లగా, బొట్టు పెట్టినంత జాగ్రత్తగా. నా వైపు తిరగకుండానే మూడోసారి పిలిచారు. ఏడాదిలో "ఇదిగో", "చూడు" తప్ప ఆయన నన్నెప్పుడూ పేరు పెట్టి పిలవలేదు. నా పేరు అంత పొడుగని నాకు నిన్నటిదాకా తెలియదు.

ఈసారి ఊపిరి ముందే నిండా పీల్చుకున్నాను. "ఊఁ" అన్నాను. వెనకాల హూ రాలేదు.

"ఊళ్ళో ఉండే ఇంత ఆలస్యమా!" అని గార్డు ఈల ఊదేశాడు. అందరూ నవ్వారు. ఆయన లోపలికి వచ్చి, మేకు మీది కర్ర తీసి, నా చేతికిచ్చారు. అప్పుడే దాని నూనె వాసన ఆయనకి తగిలింది. అవ్వ వచ్చి నా ముక్కాలిపీట మీద కూర్చుని, "వెళ్ళవే తల్లీ, ఈ కర్రలు నన్ను తినవులే" అంది.

దారి నాకు కొత్తగా లేదు. ఎర్రమట్టి అయిపోతూ ఉండగా గార్డుతో "ఈ మలుపు తిరిగితే జిగట, జారుతుంది, చూసుకోండి" అన్నాను. ఆయన ఆగిపోయి, "నీకెలా తెలుసు?" అన్నారు. "ఏడూ, ఇరవై మూడూ చెప్పాయి" అన్నాను. కాసేపటికి అర్థమై నవ్వారు. ఆయనకి ఎడమ చెంప మీద సొట్ట పడుతుందని మీరెప్పుడూ చెప్పలేదు.

పైకి వెళ్ళేసరికి మబ్బు ముందే వచ్చి కూర్చుని ఉంది. మొదట ఏమీ కనిపించలేదు, వాసన మాత్రం. తర్వాత మబ్బు ఒక్కో అడుగే వెనక్కి జరుగుతుంటే పసుపు బయటికి వచ్చింది. ముందు మా కాళ్ళ దగ్గర, తర్వాత కర్ర అందేంత దూరం, తర్వాత కొండ అంచు దాకా. చాలా పూలు రాలిపోయాయి. ఆయన "వారం ముందు ఇంకా బాగుండేది" అన్నారు. నాకు ఇవే చాలు. మాటల చప్పుడు కూడా దూదిలోంచి వచ్చినట్టుంది. గార్డు ఈల ఎక్కడో కింద ఊదాడు, అది పిట్టేమో అనుకున్నాను.

మిగతావాళ్ళు తలో వైపు వెళ్ళాక, ఆయన పూల వైపు చూస్తూ, "నువ్వు వెళ్ళిపోతావనుకున్నాను. ఆ బస్సుల కాగితం రోజూ చూస్తుంటే" అన్నారు.

"నేను చూసేది మీరు దిగేలోపు ఇంకా ఎన్ని బస్సులు వెళ్ళాలా అని" అన్నాను.

ఇంత పెద్ద మాట నా నోటినుంచి వచ్చిందంటే నమ్ముతారా? ఆయన వంగి బూటు తాడు విప్పి మళ్ళీ కట్టుకున్నారు. తర్వాత, "పోయినేడు అడిగింది మళ్ళీ అడగనా?" అన్నారు.

"అడగండి."

అడిగారు. ఏమన్నానో మీకు తెలుసు.

కిందికి వచ్చాక నా కర్ర నేనే తుడుస్తానంటే ఆయన వద్దన్నారు. పసుపు ఉండనీ అన్నారు.

ఇంతవరకూ రాసేసరికి కొట్లో కాగితం అయిపోయింది. గోడ మీది బస్సుల టైముల కాగితం పీకి, దాని వెనక ఈ చివరి పేజీ రాస్తున్నాను. మీరు రావలసింది మాత్రం పొద్దున తొమ్మిదింటి బస్సుకి. అది ముందు వేరే చోట రాసి పెట్టుకోండి. తొందరగా రండి. మీ కొలతకి కర్ర చెక్కుతానని ఆయన అన్నారు. నేల నుంచి మోచేతి దాకా ఎంతో రాయమన్నారు.

పాత ఉత్తరాలన్నీ సొరుగులోనే ఉంచుకోండి, ఇక నాకేం భయం లేదు. ఇదొక్కటి మాత్రం చదివాక కాల్చెయ్యండి వదినా. వెనకవైపు బస్సులు కూడా దాంతోపాటే పోతాయి.

మీ మరదలు
(దీర్ఘాలన్నీ ఆయన చూసి సరిచేశారు. చివరి పేజీ మాత్రం చూపించలేదు.)